వెలగని లాంతరు

మెర్ల్ పెథరిక్ ఇంటికి వెళితే మా నాటక సమాజం చరిత్రంతా పెరట్లోనే కనిపిస్తుంది. గేటుకున్న ఉత్తరాల పెట్టె ఒకప్పుడు స్టేజీ లాంతరు. పుదీనా పెరిగేది ఇంకో లాంతరు కడుపులో. పగిలిన లాంతర్లోని భూతద్దం ఒకటి వంటింట్లో ఉంది, దాంతో ఆవిడ పేపరు చదువుకుంటుంది. దీపాలకు అడ్డం పెట్టే నీలం కాగితాలు చిరిగిపోతే తీసుకెళ్లి కోళ్లగూడు కిటికీకి అంటించింది. ఆ వెలుతురులో ఆవిడ కోళ్లు ఎప్పుడు చూసినా ఏదో విషాద నాటకంలో చివరి అంకం ఆడుతున్నట్టే ఉంటాయి.

మా హాల్లో దీపాల పని ఆవిడది. నేను తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందిస్తాను. సమాజానికి నాలుగు డబ్బులు వచ్చేది విరామంలో అమ్మే పాస్టీల వల్లే. వాటిలో మాంసం, బంగాళాదుంపలు కూరి చేసేదీ మేమే, సగం తినేసేదీ మేమే. అందుకని లాంతరు పాడైతే కొత్తది కొనే మాట ఎవరూ ఎత్తరు. ఒకదాని మెడ విరిగితే మెర్ల్ ఇంకోదాని మెడ తెచ్చి బిగిస్తుంది. బిగిస్తున్నంతసేపూ ఊళ్లో అందరినీ తిడుతుంది. నాకావిడంటే చాలా ఇష్టం. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎంత వెక్కిరించినా ఎవరూ తప్పు పట్టరు.

ఈ ఏడు పాత లాంతర్లలో చివరిది కూడా కన్నుమూసింది. పక్క ఊరి హాలువాళ్లు దయతలచి కొత్తరకం దీపాలు ఎరువిచ్చారు. తెల్లగా, చల్లగా వెలుగుతాయి. అందరం సంబరపడ్డాం, క్లెమ్ ట్రెనార్డెన్ తప్ప.

క్లెమ్ గోధుమ గాదెల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నల్లజుట్టు రోజుల నుంచీ మా నాటకాల్లో ముసలివాళ్లందరూ ఆయనే. ఇప్పుడు వేషం అక్కర్లేదు గానీ, చూపు బాగా మసకబారింది. ఈసారి ఆయన స్టేషన్ మాస్టరు. చివరి రంగంలో చివరి రైలు వెళ్లిపోయాక, టికెట్ల కిటికీ దగ్గర్నుంచి ఒక్కడే నడిచి, ప్లాట్‌ఫాం దీపస్తంభం కింద నిలబడి మాట్లాడాలి. రిహార్సల్లో సగం దూరంలోనే, చీకట్లో ఆగిపోయి మాటలన్నీ అక్కడే చెప్పేశాడు.

డైరెక్టరు లిండెల్, బళ్లో టీచరమ్మ, మెత్తగానే చెప్పింది.

"క్లెమ్, ఆ చివరి మాటలు కుర్చీలో కూర్చుని చెబితే బాగుంటుందేమో చూడండి."

"రైలుని సాగనంపేవాడు కూర్చుంటాడా అమ్మాయ్?"

"పోనీ, ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకొస్తే?"

క్లెమ్ టోపీ తీసి ఆ కుర్చీలో పెట్టాడు. "అయితే ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా ఈ వేషం. నేను టికెట్లు చింపుతాలే." కోపంగా అనుంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

మెర్ల్ నిచ్చెన దిగి వచ్చింది. "ఏమయ్యా, అంత వెలుతురు వేశాను, కనపడలేదా?"

"నేనెప్పుడు చూసి నిలబడ్డాను మెర్ల్? మొహానికి వేడి తగిలితే ఆగేవాణ్ణి. నీ కొత్త దీపాలు ఫ్రిజ్ తలుపు తీసినట్టున్నాయి."

మెర్ల్ మళ్లీ నిచ్చెన ఎక్కి కొత్త దీపం మీద అరచెయ్యి పెట్టి చూసింది.

మర్నాడు క్లెమ్‌ని తిట్టి మళ్లీ రప్పించి, స్తంభం వెనక గాలి హీటరు పెట్టింది. అది స్టేషన్ మాస్టరు టోపీని ఎగరగొట్టింది. తీగల హీటరు పెడితే ఎర్రగా కాలి, స్టేషనుకు నిప్పంటుకున్నట్టు కనిపించింది. శనివారం గుడ్ల కోసం వాళ్లింటికి వెళితే, ఆవిడ కోళ్లగూట్లో గొంతుక్కూర్చుని కొత్తగా పుట్టిన పిల్లల్ని చూస్తోంది. వాటి మీద వేలాడుతోంది ఒక పింగాణీ బల్బు. దాని పని వేడివ్వడమే, వెలుతురివ్వదు.

"చీకట్లో ఇవన్నీ దీని కిందికే ఎలా చేరతాయంటావ్?" అంది.

"కళ్లు మూసుకునే వస్తాయి, వెచ్చగా ఉంటుందిగా" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. "ఇన్నేళ్లకి ఒక్క మాట సరిగ్గా అందించావు."

పుదీనా పీకేసి, లాంతర్లో మట్టి కడిగింది. లోపలి రేకు ఇంకా మెరుస్తూనే ఉంది. పింగాణీ బల్బు అందులో బిగించి, కరెంటు మనిషి పరీక్షించి చీటీ కట్టాక, స్తంభానికి క్లెమ్ తలకు కాస్త పైగా వేలాడదీసింది. ఎదుటి నుంచి కొత్త దీపం వెలుతురు దాని మీద పడితే జనానికి అది వెలుగుతున్నట్టే ఉంటుంది.

"నిజంగా వెలగదా ఇది?" అంది లిండెల్.

"వెలగమని దాన్నెవరడిగారు?" అంది మెర్ల్.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మళ్లీ రిహార్సల్ వేసుకునే వ్యవధి లేదు. క్లెమ్ వద్దన్న కుర్చీ పక్కతెర చాటున సిద్ధంగానే ఉంది. మా నాటకాలవాళ్లు తెర లేచేముందు శుభం పలకరు, 'చూకస్' అంటారు. చూక్ అంటే మాకు కోడి. కోడికీ నాటకానికీ సంబంధమేమిటో తలా ఒక కథ చెబుతారు. క్లెమ్ నా దగ్గరికి రాగానే నా కాళ్ల దగ్గర పెట్టెలోంచి కిచకిచలు వినిపించాయి. తువ్వాల్లో చుట్టిన వేణ్ణీళ్ల సీసా చుట్టూ కోడిపిల్లలు.

"చూకస్ అనడం విన్నాను గానీ, కోళ్లనే తీసుకురావడం ఇదే చూడ్డం" అన్నాడు.

"వాటి దీపం నీకిచ్చాయయ్యా. దండం పెట్టుకుని వెళ్లు" అంది మెర్ల్.

చివరి రంగం వచ్చింది. రైలు కూత దూరమైంది. క్లెమ్ కిటికీ దగ్గర్నుంచి బయల్దేరాడు. మొన్న ఆగిన చోటికే వచ్చి నెమ్మదించాడు.

"వెలుతురు ఆయన మీదికి జరుపు" అని గొణిగాను.

"నోర్ముయ్" అంది మెర్ల్, చూపు తిప్పకుండా.

ఇంకో అడుగు వేశాడు. మరొకటి. అప్పుడు ఆయన గడ్డం కొంచెం పైకి లేచింది. ఎండలోకొచ్చిన మనిషిలా మొహం అటు తిప్పుకుని ఆగాడు. సరిగ్గా వెలుతురు మధ్యలో నిలబడి మొదలుపెట్టాడు. ఒక్క మాట కూడా నేను అందించాల్సిన పని పడలేదు. పుస్తకంలో అక్షరాలు నాకే కనపడలేదు, కళ్లు తుడుచుకోవడంతోనే సరిపోయింది.

జనం వెళ్లిపోయాక మెర్ల్ స్విచ్చులన్నీ ఆపేసింది. క్లెమ్ మాత్రం స్తంభం కింద నుంచి కదల్లేదు.

"ఆపేశావా మెర్ల్?"

"ఎప్పుడో ఆపేశాను."

"ఇంకా వెచ్చగానే ఉందే."

"పింగాణీ కదా, నెమ్మదిగా చల్లారుతుంది. జరుగు, విప్పాలి. అక్కడ పిల్లలు వణికిపోతున్నాయి."

ఆయన జరిగాడు. స్తంభం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. "వచ్చే ఏడు..." అని ఆగిపోయాడు.

మెర్ల్ నిచ్చెన ఎక్కి, పళ్ల మధ్య పెట్టుకున్న స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది.

"వచ్చే ఏటికి అవి పెద్దకోళ్లయిపోతాయి క్లెమ్. వాటికి దీంతో పనుండదు. ఇక నీదే."