చలువ మావయ్య మళ్ళీ తట్టిన తలుపులు

ఆ పేటలో చంటిపిల్లలున్న ఏ తల్లినడిగినా చలువ మావయ్య ఇల్లు చూపించేది. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. భార్యకు "ఏమండీ" అంటే పని జరిగిపోయేది, మిగతావాళ్ళకు "మావయ్యా" అంటే సరిపోయేది. భుజాన నీలం రంగు టీకా పెట్టె తగిలించుకుని వీధిలో ఒక పక్కగా నడిచేవాడు. నీడ ఎటుంటే పెట్టె అటు, ఎండ ఎటుంటే తానటు.

"ఆ పెట్టెనే పెళ్ళాడాల్సింది మీరు. నాకూ కాస్త చల్లగా ఉండేది," అనేది భార్య.

"పెట్టె ఎదురు మాట్లాడదే, అదొక్కటే తేడా," అని ఆయన నవ్వేవాడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు తన కోసం ఏమడిగేవాడో గానీ, పెట్టె కోసం మాత్రం పైకే అడిగేవాడు: "స్వామీ, చలువ దిగకుండా చూడు."

విదేశీ సేవాసంస్థ ఆ పక్కకు వచ్చింది మొదట విత్తనాలతో. వాళ్ళ విత్తనాల గోదాముకు ఆయన కాపలాదారు. అక్కడి వ్యవసాయం సారు ఒకసారి ఆయన్ను చల్లగదిలోకి తీసుకెళ్ళి, "విత్తనం పొడిగా ఉండాలి, చల్లగా ఉండాలి. ఎంత చల్లగా ఉంచితే అంత ఎక్కువ కాలం బతుకుతుంది," అని చెప్పాడు. మావయ్య ఆ మాటను దేవుడి మాటలా పట్టుకున్నాడు. ఆ తర్వాత పాతపాటలు మాసిపోతున్నాయని, ముసలమ్మల చేత పాడించి దాచడానికి అదే సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. ఆ రికార్డు మిషను మోసిందీ ఆయనే. ముసలమ్మలు సిగ్గుపడి నోరు విప్పకపోతే ముందు తానే గొంతెత్తేవాడు. "నువ్వాపు నాయనా, నీకు పుణ్యముంటుంది, మేమే పాడతాం," అని వాళ్ళు పాడేవాళ్ళు. చివరికి ఆ సంస్థ టీకాలు మొదలుపెట్టినప్పుడు, ఇన్ని మోసినవాడు ఇదీ మోస్తాడని పెట్టె ఆయన భుజానికెక్కింది.

మోయడం ఒక్కటే కాదు ఆయన పని. సూది వేసిన చోట పిల్ల ఏడిస్తే నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి మరిపించేవాడు. సాయంత్రం మళ్ళీ ఆ వీధినే వచ్చి, "ఒళ్ళు వెచ్చబడిందా అమ్మా? తడిగుడ్డ వేశావా?" అని గుమ్మంలోంచే అడిగి వెళ్ళేవాడు. అలా అడగమని ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పైగా వంతెన కూలి, ఆసుపత్రి నుంచి పేటకు చుట్టుదారి పట్టాల్సి వచ్చింది. టీకా పెట్టెలో మందు సీసాల చుట్టూ గడ్డకట్టిన నీళ్ళ డబ్బాలు పేరుస్తారు. వాటిని ఫ్రీజర్లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాలి, అప్పుడే పెట్టెలో పెట్టాలి. ఆసుపత్రి నర్సమ్మ ఎప్పుడో నేర్పింది. మావయ్య కూడా ఇన్నేళ్ళూ అలాగే చేశాడు. కానీ ఆ ఎండలో, ఆ దూరానికి, చలువను చేతులారా కరిగించడానికి ఆయనకు మనసొప్పలేదు. గోదాములో విన్న మాట మనసులో మెదిలింది. డబ్బాలను ఫ్రీజర్లోంచి తీసినవి తీసినట్టే సీసాల మీదికి సర్దేశాడు. ఆ వేసవంతా అలాగే సర్దాడు. పేటకు చేరాక పెట్టె మూత తీస్తే పొగలా చల్లదనం లేచేది. ఆయన కడుపు నిండిపోయేది.

వేసవి చివర సంస్థ పంపిన విదేశీ డాక్టరమ్మ ఆసుపత్రికి తనిఖీకి వచ్చింది. మావయ్య పెట్టె సర్దుతుంటే పక్కన నిలబడి చూసింది. ఒక డబ్బా అందుకుని చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. పోయిన వారం మిగిలి తిరిగొచ్చిన సీసాలు తెమ్మంది. వాటిలో ఒకటి తీసుకుంది. పోల్చి చూడటానికి, అదే మందు ఇంకో సీసాను కావాలని గడ్డకట్టించి కరిగించింది. రెంటినీ గట్టిగా కుదిపి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

నర్సమ్మ కూడా వచ్చింది. ముగ్గురూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. కుదిపినప్పుడు రెండూ పాలలా తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే రెంటిలోనూ మడ్డి అడుగుకు దిగిపోయింది, పైన నీళ్ళు తేటపడ్డాయి. మంచి మందైతే అంత తొందరగా విడిపోదు.

డాక్టరమ్మ చెప్పిందాన్ని నర్సమ్మ తెలుగులో చెప్పింది. చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయింది. "ఈ మందు గడ్డకడితే చచ్చిపోతుంది మావయ్యా. పిల్లలకు హాని ఏం లేదు. కానీ రక్ష కూడా ఏం లేదు. ఈ వేసవిలో వేసినవన్నీ... వేయనట్టే."

ఆ మందు ఆపాల్సిన కోరింత దగ్గు ఇటుకబట్టీల దగ్గర అప్పటికే మొదలైంది. పేట అక్కడికి ఎంతో దూరం లేదు.

"నేనేగా," అన్నాడు మావయ్య. "నేనే చంపానన్నమాట మందును. చలువ పెట్టి."

డాక్టరమ్మ మెత్తని మనిషి. అందరినీ మళ్ళీ పిలిచి, ఇంకో మోతాదు అదనంగా వేస్తున్నామని చెబితే చాలంది. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదంది. నర్సమ్మ కూడా తల ఊపింది. "నీ మీద నమ్మకంతోనే వస్తున్నారు మావయ్యా వాళ్ళు. అది కాస్తా పోతే సూదికి ఒక్కరు రారు."

ఆయన ఆ రెండు సీసాలను పక్కకు జరిపాడు. "అదనం అంటే ఎవరొస్తారమ్మా? సూది వేసిన రాత్రి ఒక్కో పిల్ల ఒళ్ళు పెనంలా కాలింది. మళ్ళీ ఎందుకొస్తారు? ఒకటి పడిందిగా చాల్లే అనుకుంటారు. పడలేదని తెలిస్తేనే వస్తారు. తెలిస్తే నన్ను తిడతారు. తిట్టనీ."

మర్నాటి నుంచి పెట్టె లేకుండా పేటలోకి వెళ్ళాడు. భుజం బోసిగా ఉండి నడక కుదరలేదు. మొదటి తలుపు చాకలామెది.

"ఏం మావయ్యా, ఇవాళ వట్టి చేతులతో వచ్చావు? పెట్టె అలిగిందా?"

"నేనే తప్పు చేశానమ్మా," అంటూ గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. చలువ ఎక్కువై మందు చచ్చిందనీ, చేసింది తన చేతులేననీ, నర్సమ్మ తప్పు లేదనీ. ఆమె గుడ్డలు పిండుతూనే విని, "అయితే మళ్ళీ ఏడిపించాలన్నమాట మా చంటిదాన్ని. సరే, తెస్తాలే. ముందు నువ్వు కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగు, ముఖం చూడు ఎలా ఉందో," అంది. ఆయన నీళ్ళు తాగి, చెంబు తిరిగిచ్చి పక్క తలుపుకు నడిచాడు.

అన్ని తలుపులూ అలా లేవు. ఒకరు వినకుండానే లోపలికి వెళ్ళిపోయారు. ఒక తాత, "ఇన్నాళ్ళూ మా పిల్లలకు నీళ్ళు పొడిచావా?" అని వీధంతా వినేట్టు అరిచాడు. మావయ్య చేతులు జోడించి, మళ్ళీ సూది ఏ రోజో చెప్పి కదిలాడు.

దర్జీ భార్య కుట్టుమిషను ఆపకుండా విన్నది. బిడ్డ పక్కనే చాపమీద పడుకుని ఉంది. మొదటి కాన్పు బిడ్డ దగ్గుతోనే పోయింది ఆమెకు.

"ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా మావయ్యా? ఇంక భయం లేదమ్మా, హాయిగా నిద్రపో అన్నావు."

"అన్నాను తల్లీ."

"నిద్రపోయాను." మిషను ఆగింది. "వస్తాను. కానీ ఈసారి నువ్వు ఆ పెట్టె ముట్టుకోవద్దు."

"ముట్టుకోను."

టీకాల రోజున పెట్టెను నర్సమ్మే సర్దింది, నర్సమ్మే మోసింది. మావయ్య వెనకాల నడిచాడు. బడి వరండాలో బల్ల వేసి, కుండలో నీళ్ళు పోసి, ఒక మూల నిలబడ్డాడు. చాకలామె మొదట వచ్చింది. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. అరిచిన తాత మనవణ్ణి ఎత్తుకొచ్చి, మావయ్య వైపు చూడకుండా వరుసలో నిలబడ్డాడు. రెండు మూడు ఇళ్ళవాళ్ళు రానేలేదు. వాళ్ళ కోసం ఆయన మధ్యమధ్య వీధి మలుపు దాకా వెళ్ళి చూసి వచ్చాడు.

నర్సమ్మ పెట్టె మూత వేయబోతుండగా దర్జీ భార్య వచ్చింది. సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి తానే కుదిపి చూసింది. ఏం చూడాలో ఆమెకు తెలియదు. నర్సమ్మ ఓపిగ్గా ఆగింది. సూది పడింది, బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. మావయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

ఆమె బిడ్డను భుజాన వేసుకుని మెట్లు దిగుతూ, వెనక్కి తిరగకుండానే అంది: "సాయంత్రం వెచ్చబడుతుందేమో. వచ్చి చూడు."

"వస్తానమ్మా."

దీపాలు పెట్టే వేళకు ఆయన ఆ గుమ్మం ముందు నిలబడి, తలుపు మెల్లగా తట్టాడు.