పంక్ తమ్ముడికి నా ఆశీస్సులు

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. ఈమధ్య నేను ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయనకి, బుద్ధిగా చదువుకో నాయనా అని మెయిల్ పెట్టానండీ!

మాది తెనాలి. రేపల్లెలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజూ పొద్దున్నే ప్యాసింజర్లో ప్రయాణం. ఆ రోజు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో ఏదో నొక్కితే 'మీ కోసం కొత్తవి' అంటూ ఒక ఆల్బమ్ వచ్చింది. ఏదో విదేశీ బ్యాండు. పంక్ అట! నాకు పంకా తెలుసు గానీ పంక్ ఏం తెలుసు? గిటార్లేమో రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టున్నాయి. ఒకడు వాళ్ళ హెడ్మాస్టర్ని గొంతు చించుకుని తిడుతున్నాడు. అబ్బ, ఏం ఊపండీ! వేమూరు దాటేసరికి కాలు ఆడుతోంది. భట్టిప్రోలు వచ్చేసరికి తల కూడా! ఎదురు సీట్లో మామ్మగారు "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

మా స్టాఫ్ రూమ్‌లో ఫిజిక్స్ సుధీర్ సార్ అని ఒకడున్నాడు. నేనేం చెప్పినా "అది పాతబడిపోయింది మేడం" అంటాడు. ఈసారి వదుల్తానా? "ఎవరూ వినని కొత్త బ్యాండు! ఈ రైల్వే లైన్ మొత్తంలో ముందు కనిపెట్టింది నేనే!" అని చాటింపు వేశాను.

అక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. బ్యాండు పేజీలో మెయిల్ ఐడీ కనపడితే ఆ పాడిన కుర్రాడికి ఇంగ్లీషులో రాసిపారేశాను. "డియర్ తమ్ముడూ, గొంతు బాగుంది. మంచి మైకు కొనుక్కో. నేనూ టీచర్నే, టీచర్లను తిట్టకు. చదువు నెగ్లెక్ట్ చెయ్యకు. వృద్ధిలోకి వస్తావు." తమ్ముడూ అన్న మాట మాత్రం తెలుగుదే ఉంచాను, ఆప్యాయంగా ఉంటుందని.

మూడో రోజు లంచ్‌లో జవాబు! ఆనందం పట్టలేక, నేను చదువుకోకుండానే అందరికీ పైకి చదివి వినిపించడం మొదలెట్టాను. "డియర్ మేడం, మీ మెయిల్ ఇంటిల్లిపాదీ చదువుకున్నాం. ఆ ఆల్బమ్ చేసి నలభై ఏళ్ళు దాటింది. బ్యాండు ఆ ఏడాదే విడిపోయింది..."

నా గొంతు తగ్గిపోయింది. "గట్టిగా చదవండి మేడం, వినపడట్లేదు!" అన్నాడు సుధీర్ సార్.

"నాకిప్పుడు అరవై రెండు. చదువు గురించి మీరు చెప్పిందే అప్పట్లో మా అమ్మా చెప్పింది. ఇంతకీ మా మనవరాలు అడుగుతోంది, తమ్ముడు అంటే అర్థమేంటి?"

హిందీ మేడంకి పెరుగన్నం పొలమారింది. "కొత్తవి అనే ఉందండీ!" అన్నాను ఏడుపు మొహంతో. "మీకు కొత్త మేడం!" అన్నాడు మహానుభావుడు.

సిగ్గు సిగ్గే గానీ, సంతోషం కూడా వేసింది. నలభై ఏళ్ళ కిందటి అరుపు ఇవాళ నా చెవిలో అంత తాజాగా మోగిందంటే మాటలా? కానీ అంత పెద్దాయన్ని తమ్ముడన్నానని ఎలా ఒప్పుకునేది? పరువు దక్కించుకోవాలిగా! "మా భాషలో తమ్ముడు అంటే ఎంతో గౌరవనీయులైన గురువుగారు" అని రాసి సెండ్ కొట్టేశాను.

నిన్న మళ్ళీ జవాబు వచ్చింది. ఈసారి తెలివిగా మనసులోనే చదువుకుంటుంటే, సుధీర్ సార్ నా భుజం మీంచి తొంగిచూసి పైకి చదివేశాడు. మొదటి లైను ఇదీ: "మీరూ టీచరే కదా! గౌరవనీయులైన తమ్ముడు గారికి నమస్కారం."

ఇవాళ పొద్దున స్కూల్లో అడుగు పెట్టానో లేదో, మా హెడ్మాస్టర్ గారు నవ్వాపుకుంటూ అడిగారు కదా, "తమ్ముడు గారూ, టెన్త్ పేపర్లు దిద్దడం అయిందా అండీ?"