మూడో షిఫ్టు తేదీ

ఆ పిల్లని వీధిలో అందరూ గొణుగుడు అనేవాళ్ళు. పుస్తకం చేతిలోకి తీసుకుందంటే పెదాలు ఆడాల్సిందే. కళ్ళతో చదివితే తలకెక్కదట, నోటితో నమిలితేనే ఎక్కుతుందట. ఎదురింటి టైలరు పిన్ని మిషను తొక్కుతూనే, "ఏమే గొణుగుడూ, పొద్దున్నే ఎవర్ని తిట్టుకుంటున్నావు?" అనేది. "త్రిభుజాల్ని పిన్నీ, వాటికి బొత్తిగా సిగ్గులేదు" అనేది ఈ పిల్ల. లెక్కలంటే దానికి అంత చనువు మరి. మిగతా సబ్జెక్టులు బతిమాలితే వచ్చేవి, లెక్కలు మాత్రం పిలిస్తే పలికేవి.

వాళ్ళమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. పదకొండేళ్ళుగా నిలబడే పని. కాళ్ళ మీద నరాలు ఉబ్బిపోయి, సాయంత్రం ఇంటికొచ్చి గోడకి కాళ్ళు ఆనించి పడుకుంటే గానీ మాట పెగిలేది కాదు. ఆ హాలు పక్కనే ఒక అద్దాల గది ఉంది. తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు అందులో బిస్కెట్లలో తడెంత, ఉప్పెంత అని కొలుస్తుంటారు. అమ్మ ఆ గది గురించి రోజుకోసారైనా చెప్పేది. వాళ్ళ జీతం గురించి కాదు, కోట్ల గురించి అసలే కాదు. "కూర్చునే చేస్తారే! ఎనిమిది గంటలూ కుర్చీలోనే!" అనేది, అదేదో ఎక్కడా వినని వింత అన్నట్టు.

ఏటా పనివాళ్ళ పిల్లల్లో నలుగురిని ఆ గదికి తీసుకుని పని నేర్పుతారు. షరతు ఒక్కటే. పదో తరగతి అన్ని సబ్జెక్టులూ మొదటిసారికే పాసవ్వాలి. ఒకటి తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కినవాళ్ళు పనికిరారు. ఎందుకు పనికిరారని ఎవరూ అడగలేదు, అడిగితే మాత్రం చెప్పేవాడెవడు? ఆ ఏడు గొణుగుడుది పదో తరగతి. నాన్న లేడు. దాని చిన్నప్పుడే పోయాడు. తల్లీకూతుళ్ళు ఆ అద్దాల గది మీదే ప్రాణాలన్నీ పెట్టుకున్నారు.

పరీక్షలు మొదలయ్యాయి. భాషలన్నీ అయ్యాయి. సైన్సుకి రెండు రోజుల ముందు, పన్నెండో తేదీన, అమ్మ ఫ్యాక్టరీ బస్సు దిగుతూ మెట్టు తప్పి పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. పెట్టకుండా ఉండొచ్చు, పెద్ద కష్టమేం కాదు. కానీ మూడు రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేసి ఇంకొకర్ని పెట్టుకుంటారు. అమ్మ పేరు జాబితాలోంచి పోతే, పనివాళ్ళ పిల్లలకిచ్చే ఆ కుర్చీ కూడా పోయినట్టే.

దీనికి అక్కడొక పద్ధతి ఉంది. మనిషి పడిపోతే ఇంట్లోంచి ఇంకో మనిషి అదే కార్డు మీద వెళ్ళొచ్చు. బదిలీ అంటారు. కాగితాల్లో ఎక్కడా ఉండదు, అందరికీ తెలుసు. బదిలీ మనుషుల్ని మాత్రం మూడో షిఫ్టులోనే వేస్తారు, అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా. తనిఖీకి వచ్చేవాళ్ళు ఆ వేళప్పుడు రారు కదా.

"నేను వెళ్తానమ్మా" అంది గొణుగుడు.

"నోర్ముయ్. పరీక్షలు పెట్టుకుని నిద్ర చెడగొట్టుకుంటావా?"

"పధ్నాలుగున సైన్సు అయిపోతుంది. లెక్కలు పద్దెనిమిదిన. మధ్యలో ఖాళీయేగా. లెక్కలకి ముందు రాత్రి మానేస్తాను. లెక్కలు నాకు వచ్చు కూడాను."

అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఒప్పుకోవడం ఇష్టంలేకపోతే అలా తిప్పుకునేది. ఒప్పుకోక తప్పనప్పుడు కూడా అలాగే తిప్పుకునేది.

పధ్నాలుగు రాత్రి పదకొండు గంటల బస్సుకి వెళ్ళింది. సూపర్‌వైజరు కార్డు మీది ఫొటో చూశాడు, పిల్ల మొహం చూశాడు, "మీ అమ్మ బాగా చిక్కిపోయిందే" అని నవ్వి లోపలికి పొమ్మన్నాడు. అట్టపెట్టెలు నిండాక టేపు వేసి, పక్కన తేదీ ముద్ర కొట్టడం దాని పని. చేతిలో ఇమిడే రబ్బరు ముద్ర. సిరాలో అద్దాలి, కొట్టాలి, పక్కకి తొయ్యాలి, ఇంకోటి లాక్కోవాలి. గంటకి మూడొందల పెట్టెలు. మొదటి గంటలో భుజం నొప్పెట్టింది, నాలుగో గంటకి అది తన భుజమే కాదనిపించింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో రోజంటే పొద్దున ఎనిమిదికి మొదలై మర్నాడు ఎనిమిదికి ముగుస్తుంది. అర్ధరాత్రి దాటినా ముద్రలో అంకె మారదు. పొద్దుటి షిఫ్టువాళ్ళు వచ్చాకే తిప్పుతారు. అంటే మూడో షిఫ్టులో చేసిన ప్రతి పెట్టె మీదా నిన్నటి తేదీ పడుతుంది. గోడ మీద బోర్డు కూడా అంతే. పాతవాళ్ళంతా మనసులో ఒకటి కలుపుకుంటారు. అమ్మకి ఈ సంగతి ఎంత బాగా తెలుసంటే, కూతురికి చెప్పాలని కూడా తట్టలేదు. పొయ్యి కాలుతుందని పదహారేళ్ళ పిల్లకి ఎవరు చెప్తారు?

మొదటి పొద్దున పిల్లకి తేడా తెలిసింది. పధ్నాలుగు అని కొట్టానే, ఇవాళ పదిహేను కదా అనుకుంది. అనుకుని ఇంటికొచ్చింది. అమ్మకి మొహం కడిగి, బెడ్‌పాన్ పెట్టి తీసి, నీళ్ళు పట్టి, అన్నం వండి, ఒక మూల పుస్తకం తెరిచింది. పెదాలు ఆడాయి, మాట రాలేదు. తల పుస్తకం మీద వాలింది. లేచేసరికి ఎండ ఎటునుంచి వస్తోందో అర్థం కాలేదు. మళ్ళీ చదివింది, మళ్ళీ వాలింది. తొడ గిల్లుకుంది. నిలబడి చదివింది, నిలబడే కునికింది. అదే రోజు సాయంత్రమో, రెండో రోజు పొద్దునో దానికే తెలియకుండా, మళ్ళీ పదకొండు గంటల బస్సు వచ్చేసింది.

అలా పగలు రెండుసార్లు నిద్రపోయే మనిషికి రోజులు రెండుగా చీలిపోతాయి. బడికి సెలవులు కాబట్టి ఇవాళ ఏ వారమో అడిగే పనిలేదు. అమ్మ ఫోను కిందపడ్డప్పటినుంచీ అందులో తేదీ ఏ కాలానిదో చూపిస్తోంది. గోడకి కేలండరు ఉంది, నిజమే. అందులో అన్ని తేదీలూ ఉంటాయి గానీ ఇవాళ ఏదో అది చెప్పదు కదా! మూడో పొద్దున బోర్డు మీద పదహారు చూసి గొణుగుడు ఆగిపోయింది. తన లెక్క ప్రకారం పదిహేడు. ఒకటి ఎక్కువ వేసుకున్నట్టున్నాను, పగలు నిద్రపోయి లేచి ఇంకో రోజనుకున్నట్టున్నాను అనుకుంది. అప్పటిదాకా రాత్రంతా తన చేత్తోనే రెండువేల చిల్లర పెట్టెల మీద పదహారు కొట్టింది. అన్ని పెట్టెలు తప్పు చెప్తాయా? క్లాసులో లెక్కలకి మొదటి మార్కులు తెచ్చుకునే పిల్ల, తన లెక్కని కొట్టేసి ముద్ర లెక్కే ఖాయం చేసుకుంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియక.

ఆ రాత్రి కూడా షిఫ్టుకి వెళ్ళింది. లెక్కల పరీక్షుంది, రేపు ఒక్క రాత్రీ రానని సూపర్‌వైజరుకి చెప్పింది. అతను తలూపాడు. పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చింది, ముద్రలో చూసిన పదిహేడుని తలలో పెట్టుకుని.

"లెక్కలు ఎప్పుడే?" అంది అమ్మ.

"రేపమ్మా."

ఇంత తిని పడుకుంది. పదింటికి లేచింది. ఇక చూడండి, ఆ పూట దానికి చదువు ఎలా కుదిరిందో! అమ్మ మాత్ర వేసుకుని నిద్రపోయింది. పిల్ల గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నాలుగు రోజులుగా తలలో ఉన్న మబ్బు విడిపోయింది. సూత్రాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. గట్టి లెక్కలన్నీ ఏరి చేసింది, ఒక్కటీ తప్పలేదు. ఇంక భయం లేదనుకుంది. ఆ మూడు గంటలూ అది నిజంగా సంతోషంగా ఉంది. అది చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలా కాలం అలా లేదు.

ఒంటిగంట దాటాక వీధి మలుపులోంచి బడి పిల్లలు గుంపుగా వచ్చారు, అట్టలు చంకలో పెట్టుకుని, ఏడో ప్రశ్నకి జవాబు నలభై ఎనిమిదా యాభై రెండా అని కొట్టుకుంటూ. గొణుగుడు చూస్తూ ఉండిపోయింది. వాళ్ళలోంచి దాని స్నేహితురాలు, పొడుగు అని పిలిచేది, పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే నీకు? పరీక్షకి రాలేదేం?"

"ఏ పరీక్ష?"

"ఏ పరీక్షేంటే? లెక్కలు! పొద్దున పిలుద్దామనుకున్నా, ముందే వెళ్ళిపోయుంటావనుకున్నా."

"పద్దెనిమిదిన కదా."

ఇవాళ పద్దెనిమిదే అని చెప్పడానికి పొడుగుకి నోరు రాలేదు. ఎదురింట్లో మిషను చప్పుడు ఆగింది.

పిల్ల చెప్పుల్లేకుండానే బడికి పరుగెత్తింది. ఆఫీసులో గుమాస్తా జవాబు పత్రాల కట్టలకి లక్క వేస్తున్నాడు. విన్నాడు. మంచివాడే, విసుక్కోలేదు. "గైర్హాజరని రాసేశాం తల్లీ. సీలు పడ్డాక నా చేతిలో ఏముంది? మిగతావి రాసెయ్, ఇది మళ్ళీ పెడతారుగా, అప్పుడు రాసుకో. ఏడాదేం పోదు" అన్నాడు. ఏడాది పోదు. కుర్చీ పోతుందని ఆయనకి తెలియదు. చెప్పి ఏం లాభం? తిరిగొస్తుంటే పొడుగు దారిలో నిలబడి ప్రశ్నపత్రం చేతిలో పెట్టింది. ఎందుకిచ్చిందో దానికీ తెలియదు, ఇంకేం ఇవ్వాలో తోచక ఇచ్చింది.

అమ్మకి చెప్పాలనే ఇంట్లోకి వెళ్ళింది. అమ్మ అప్పటికే లేచి, మంచం మీదే కూర్చుని, రేపటికని స్కూలు చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. సూది నోట్లో పెట్టుకుని, "నా కాలు విరిగితే విరిగింది గానీ, నీ పరీక్ష చెడితే మాత్రం నన్ను నేను క్షమించుకోలేనే" అంది. పిల్ల నోరు తెరిచి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

మర్నాడు పొద్దున అమ్మ మంచం మీద కూర్చునే జడ వేసింది. "నిదానంగా రాయి. అన్నీ అయ్యాక మొదట్నుంచీ ఒకసారి సరిచూసుకో" అని పంపింది. పిల్ల అట్టా పెన్నులూ పట్టుకుని బస్టాండుకి వెళ్ళి, చివరి బెంచీ మీద కూర్చుంది. ఊరికే ఎంతసేపు కూర్చుంటుంది? తొమ్మిదిన్నరకి ప్రశ్నపత్రం తెరిచింది. నోటుబుక్కులో మొదటి ప్రశ్న నంబరు వేసింది. బస్సులు వచ్చాయి, పోయాయి. కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరిచారు. ఇది పెదాలాడిస్తూ రాసుకుపోయింది. పన్నెండుం పావుకి అన్నీ అయిపోయాయి. అమ్మ చెప్పినట్టే మొదట్నుంచీ సరిచూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటైనా తప్పుంటే బాగుండుననిపించింది. రాని లెక్క ఒక్కటున్నా, దాన్ని వంకగా పెట్టుకుని ఏడ్చేది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం వైపే చూస్తోంది.

"ఎలా రాశావే?"

"అన్నీ రాశానమ్మా."

"నిజంగా? అన్నీనా? వదలకుండా?"

"అన్నీ."

అమ్మ మొహం ఎన్నడూ లేనట్టు విప్పారింది. కాలు విరిగాక మొదటిసారి గొంతెత్తి, తెరిచిన తలుపులోంచి వీధి అవతలకి అరిచింది. "ఏమే చెల్లీ, విన్నావా! మా గొణుగుడు లెక్కలు మొత్తం రాసేసిందంట! ఒక్కటి వదల్లేదంట!"

ఎదురింట్లో మిషను ఆగింది. టైలరు పిన్ని తలెత్తి గుమ్మంలో నిలబడ్డ పిల్ల వైపు చూసింది. నిన్న ఒంటిగంటకి ఆ మెట్ల దగ్గర అన్న ప్రతి మాటా ఆవిడ విన్నది. చెప్పెయ్ పిన్నీ, నువ్వైనా చెప్పెయ్ అని ఆ పిల్ల మనసులో మొక్కుకుంది.

"విన్నానక్కా" అంది పిన్ని. "మీ అమ్మాయి రాయకపోతే ఇంకెవరు రాస్తారు?" అని తల దించుకుని మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.