పెద్దవీధిలో చెప్పులు

కారును నేను మొదటిసారి చూసింది కలెక్టరు క్యాంపుకు వచ్చినప్పుడు. కంభం రోడ్డు మీద బొగ్గుతో నడిచే బస్సు తిరిగేది గానీ, అర్ధవీడు పక్కనున్న మా పల్లె నుంచి ఆ రోడ్డు చేరేసరికే సగం పూట గడిచేది. తుమ్మముళ్లు, పదునైన పలకరాళ్లు తొక్కుకుంటూ రోజూ పక్క ఊరి మిషన్ బడికి పోయి పాఠం చెప్పి రావాలి. అందుకు మా నాయన కుట్టిన చెప్పులుండేవి. దున్నపోతు తోలు పొర మీద పొర, అడుగున ఇనుప మేకులు. వానకు తడిసినా, ఎండకు కాగినా తెగేవి కావు.

అవి కుట్టే మా మాదిగపల్లెకు ఒక కట్టడి. రైతుల పెద్దవీధి మొదట్లో చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి, వీధి దాటాక తొడుక్కోవాలి. వాగు పొంగితే మరో దారి లేదు. ఊరందరి కాళ్లకూ చెప్పులు కుట్టినవాడి కాలికి ఆ వీధిలో చెప్పుండకూడదట! ముల్లు కులం అడిగి గుచ్చుకుంటుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు నాకు ఇంతవరకూ దొరకలేదు. మా పాస్టరు గారు కూడా ఓర్చుకోమనే అన్నారు.

ఒక వానాకాలం నా అరికాల్లో ముల్లు విరిగి చీము పట్టింది. పుండుకు బురద తగిలితే కాలు తీసేయాల్సి వస్తుందని మిషన్ డాక్టరమ్మ హెచ్చరించింది. మరునాడు వాగు పొంగింది. చెప్పులతోనే పెద్దవీధిలో అడుగు పెట్టాను.

అరుగు మీద పెద్దరైతు కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా పంతులూ, చంకలో గజ్జి లేసిందా? చెప్పులు కిందికి దిగినాయే!"

"కాలు కుళ్లిందయ్యా. ఇప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది."

"నీకు చెప్పింది. ఈ వీధికి చెప్పిందా?"

"వీధికి కాలు లేదు గదయ్యా, కుళ్లేదానికి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో ఆయన మొహం నల్లబడింది. ఆయన తమ్ముళ్లిద్దరూ నన్ను పడదోసి, చెప్పులు పీకి, మేకులున్న వైపుతోనే కొట్టారు. చెవి తెగింది. నోట్లో పన్ను కదిలింది. ఒకడు నా పుండు మీద మడమ పెట్టి నులిమాడు. నేను కేక వేస్తే నోట్లో బురద కుక్కాడు.

నాయనను పిలిపించారు. కొడుకు తప్పు చేస్తే తండ్రే నలుగురిలో కొట్టాలన్నది ఆ కట్టడిలో రెండో సగం.

"నువ్వు కుట్టిన చెప్పే గదా. నువ్వే కొట్టు, నేను చాలనేదాక," అన్నాడు పెద్దరైతు.

నాయన నా చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. నెత్తుటిని పంచెకు తుడిచాడు. తర్వాత వాటిని కింద పెట్టి తన కాళ్లకు తొడుక్కున్నాడు. బతుకంతా చెప్పులు కుట్టినవాడు ఆ వీధిలో తొడగడం అదే మొదలు.

"కొట్టండయ్యా. వానిది కుళ్లిన కాలు. నాది బాగానే ఉంది," అన్నాడు.

తమ్ముళ్ల దుడ్డుకర్ర నాయన మోకాటి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నాయన పడిపోయినా వాళ్లు వదల్లేదు. "ఇప్పురా!" అని ఒకడు అరుస్తుంటే, "ఇప్పను" అని నాయన చెప్పుల వార్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. కర్ర ఆ వేళ్ల మీద కూడా పడింది. వాళ్ల బావులకు తోలుబానలు కుట్టి నీళ్లు తోడించిన వేళ్లవి.

మావాళ్లు వచ్చి ఇద్దరినీ పల్లెకు ఈడ్చుకుపోయారు. నా కాలు తర్వాత మానింది. నాయన మళ్లీ నేరుగా నడవలేదు.

ఆ పూటే నాయనను మంచం మీద కంభం ఆసుపత్రికి మోసుకుపోవాలి. వాగు ఇంకా తగ్గలేదు, పెద్దవీధిలోంచే పోవాలి. వీధి మొదట్లో మోసేవాళ్లు అలవాటు కొద్దీ మంచం దించి తమ చెప్పులు విప్పబోయారు. వాచిన నాయన కాళ్లకు చెప్పులు బిగుసుకుపోయి ఉన్నాయి.

"బావా, నీవి కోసి తీద్దామా?" అన్నాడు మా మేనమామ.

"తీస్తే నన్ను ఈడనే ఇడిసిపోండి."

మామ అప్పటికే ఒక చెప్పు విప్పాడు. కాసేపు దాన్ని చూసి మళ్లీ తొడుక్కున్నాడు. మిగిలిన ముగ్గురూ ఆయన్ను చూసి చెప్పులతోనే మంచం ఎత్తారు. నేను మంచం కోడు పట్టుకుని కుంటుతూ నడిచాను.

అరుగు మీది నుంచి తమ్ముళ్లు దిగారు. మొదటి దెబ్బ మామ వీపు మీద పడింది. మంచం ఊగింది గానీ ఆగలేదు.