ఉన్ని చెప్పుల రాజభవనం

ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో పాత కోటకు మరమ్మతులు జరిగిన ఆ సంవత్సరాల్లో నేను స్టోర్ సూపర్‌వైజర్‌ని. సున్నం, కాల్చిన మట్టి, ఖర్జూరపు దూలాలు నా చేతి మీదుగానే సైట్‌కు వెళ్ళేవి. గోడల పని చూసే ఇంజనీరు పోలండు నుంచి వచ్చినవాడు, నాకంటే పెద్ద. ఆయన తాతలకు వాళ్ళ ఊళ్ళో ఒక రాజభవనం ఉండేది. మా తాతలకు కరీంనగర్ వైపు ఒక గడి, దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఆయన తన భవనం గురించి చెప్పేవాడు. నేను వినేవాణ్ణి.

మధ్యాహ్నం ఎండకు పని ఆగినప్పుడు ఖర్జూరపు తోట నీడలో, కాలవ గట్టున కూర్చునేవాళ్ళం. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. ఆయన తాతకు తాత ఆ భవనాన్ని ఏటి ఒడ్డున కట్టించాడట. పసుపు గోడలు, నాట్యాల కోసం ఓక్ చెక్క పరిచిన పెద్ద హాలు. యుద్ధంలో జర్మన్ అధికారులు అందులో దిగారు. వాళ్ళు పోయాక రష్యా సైనికులు వచ్చి హాల్లో గుర్రాలను కట్టేశారు. తర్వాత కొత్త ప్రభుత్వం భూములు లాక్కుని, కుటుంబాన్ని కట్టుబట్టలతో పంపేసి, మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టొద్దంది. అక్కడ వ్యవసాయ పాఠశాల పెట్టారు. హాల్లో పిల్లలు మంచాలు వేసుకుని పడుకున్నారు. చాలా ఏళ్ళకు దాన్ని బాగుచేసి మ్యూజియం చేశారు.

ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి చూసి కూడా ఎవరైనా అసూయపడతారా? నేను పడ్డాను. ఆయన ఇంటిని సైన్యాలు వచ్చి తీసుకున్నాయి. మా గడిని ఎవరూ తీసుకోలేదు. మేమే తాళం వేసి హైదరాబాదు పోయాం. ఆ తాళాన్ని పగలగొట్టే శ్రమ కూడా ఎవరూ పడలేదు.

పోలండులో ప్రభుత్వం మారాక ఆయన మొదటిసారి సొంత ఊరు చూసి వచ్చాడు. సంచిలోంచి బూడిద రంగు ఉన్నితో కుట్టిన ఒక జత పెద్ద చెప్పులు తీసి నా ముందు పెట్టాడు.

"ఇవి బూట్ల మీద తొడుక్కుంటేనే లోపలికి రానిస్తారు. చెక్క నేల గీరుకుపోతుందని."

"మీ ఇంట్లోకి మిమ్మల్నేనా?"

"టికెట్ కూడా కొన్నాను. కాపలా ముసలావిడ కసురుకుంది, కాళ్ళు ఎత్తకు, జారుతూ నడువు అని." ఆయన నవ్వాడు. "పేరు చెప్పాక ఏడ్చి, ఈ జత ఇచ్చింది. నేల అద్దంలా ఉంది."

కంపెనీ పికప్ నడిపే మా ఊరి సాయెబు పక్కనే చాయ్ తాగుతున్నాడు. ఒమాన్ మొత్తంలో నన్ను దొర అని పిలిచేది అతనొక్కడే. అందులో మర్యాద ఎంతో, ఎకసెక్కం ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

"దొరా, మా తాత మీ గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచెటోడు. గీయన ఊర్లనేమో చెప్పుల మీద చెప్పులు తొడుగుతరట. మావోళ్ళకు గీ ఉపాయం తెల్వకపాయె!"

నేను నవ్వలేదు. అతను గ్లాసు కింద పెట్టి, నెల కిందట సెలవు నుంచి మోసుకొచ్చిన మాటనే మళ్ళీ ఎత్తాడు. "సర్పంచ్‌కు ఏం చెప్పాలె? గడి బడికి ఇయ్యకుంటే మీ తమ్ములు టేకు కంబాలు పీకి అమ్ముకుంటరట. పెద్దోళ్ళు మీరే. మీ మాటకే ఆగిండ్రు."

"గడిలో ఊరి పిల్లలా?"

"మరి గబ్బిలాలు సదువుకుంటయా దొరా?"

ఇంజనీరు ఏమిటని అడిగాడు. చెప్పాను.

"ఇచ్చేయండి," అన్నాడు. "మాది నిలబడింది పిల్లలు పడుకున్నందుకే. పిల్లలున్న చోట కప్పు కారితే ఎవరో ఒకరు ఎక్కి బాగుచేస్తారు."

ఆ సలహా నాకు నచ్చలేదు. కానీ ఆ ఉన్ని చెప్పులు రోజూ ఆయన టేబుల్ మీద కనిపించేవి. మా కంబాలు అమ్ముడుపోతే ఆయనకు అద్దంలాంటి నేల మిగులుతుంది, నాకు కాలవ గట్టున చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగలదు. నేను భరించలేకపోయింది అదే. ఊరి మీద ప్రేమతో ఇచ్చానని మా వాళ్ళు అనుకుంటారు.

"ఇస్తానని చెప్పు," అన్నాను సాయెబుతో. "ఒక షరతు. పిల్లలు చెప్పులు విప్పి లోపలికి రావాలి."

అతను నన్ను జాలిగా చూశాడు. "సర్కారు బడి దొరా. సగం మందికి చెప్పులే లెవ్వు."

తర్వాతి సెలవులో వెళ్ళి చూశాను. తాత కచేరీ పెట్టి ఊరి తగవులు తీర్చిన హాల్లో ఎక్కాలు వల్లిస్తున్నారు. కంబాలన్నీ ఉన్నాయి. ఒకదాని మీద ఎవరో బొగ్గుతో కోతి బొమ్మ గీశారు. నన్నెరుగని కుర్ర పంతులు గడప దగ్గరికి వచ్చాడు.

"ఎవరు గావాలె సార్?"

"ఊరికే చూసిపోదామని. చెప్పులు ఇక్కడ విప్పనా?"

"అయ్యో, అంత దుమ్మే సార్. చెప్పులతోనే రాండ్రి."

టికెట్ లేదు, ఉన్ని చెప్పులు లేవు, కసిరే ముసలావిడ లేదు. నేను వంగి చెప్పులు విప్పి గోడ వారగా పెట్టాను. పిల్లలు ఎక్కాలు ఆపి నా ఉత్త కాళ్ళను చూశారు. మా గడి గడప ముందు మా వంశంలో ఎవరైనా చెప్పులు విప్పారో లేదో నాకు తెలియదు.

రుస్తాఖ్ తిరిగి వచ్చాక ఇంజనీరు ఆత్రంగా అడిగాడు, ఇల్లు ఎలా ఉందని.

"చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను," అన్నాను.

పంతులు చెప్పులతోనే రమ్మన్న సంగతి దాచాను. ఆయన ముఖంలో నా అసూయలో పిసరంతైనా కనబడుతుందేమోనని చూశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, తన ఇల్లు తిరిగి వచ్చినంతగా సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూసి కూడా నాకు కడుపు మండింది.