అరబ్బు ముసలమ్మ పేరు, నా పేరు

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలన్నిటికీ వీపు మీద దెబ్బలే దొరికాయి, ఒక్కదానికి మాత్రం బడి గోడ మీద చోటు దొరికింది. ఆదోనిలో మా బడి గేటు పక్కన, రోడ్డున పోయేవాళ్లు కూడా చదివేటట్టు, పిల్లల రాతలు అంటించే గోడపత్రిక ఉండేది. పత్తిగింజలు తినబోయి పత్తిని బేళ్లుగా నొక్కి కట్టే ప్రెస్సింగు మిల్లులో పడిన మేక, పత్తి బేలులోనే రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ బేలు విప్పగానే మే అని అరిచిందని నేనొక కథ రాశాను. మా అయ్యవారు పడీపడీ నవ్వి దాన్నే ఎంచుకున్నారు.

సంగతి తెలిసి మా నాయన బడికి పోయాడు. "ఆడపిల్ల పేరు గోడకెందుకు సార్? వచ్చేటోడు పొయ్యేటోడు సదువుతాడు. మా పెద్దోని పేరు ఏసేయండి" అన్నాడు. మరునాడు నా మేక మా అన్న పేరుతో గోడెక్కింది.

నేను అన్నం మానేసి మూలన కూర్చున్నాను. మా మేనత్త వచ్చి పక్కన చతికిలబడింది. నాయనకు అక్క. కువైట్‌లో ఒక ముసలమ్మ ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసి వచ్చిన మనిషి. ఆ ముసలమ్మ ఆ ఊళ్లో కథలు రాసిన మొదటి ఆడమనిషట. అత్త చెప్పిందే చెబుతాను, నేను కలిపింది పిసరంతే.

అన్నలకు చదువు చెప్పే పంతులు వస్తే, ఆమె తలుపు వెనక నిలబడి అక్షరాలు నేర్చిందట. ఖర్జూరాలు చుట్టొచ్చిన కాగితాల మీద కథలు రాసిందట. పేరు లేకుండా పత్రికకు పంపితే, కాఫీ అంగళ్లలో మగవాళ్లంతా చదివి వీడెవడో మొనగాడని మెచ్చుకున్నారట. సొంత అన్నే ఆ కథ ఇంటికి తెచ్చి చెల్లెలికి చదివి వినిపించి, "సూడు, మగోని రాత ఎట్లుంటాదో" అన్నాడట. మా అత్త లోకంలో అరబ్బులు కూడా మన యాసలోనే మాట్లాడతారు.

అంతే, ఆ పై కథకు ఆమె తన పేరు పెట్టేసింది. అది చూసి అన్న ఆమె రాసిన కాగితాలన్నీ పొయ్యిలో వేశాడు. కాలినవన్నీ ఆమె మళ్లీ రాసింది. పేరు తీసేస్తే అచ్చేస్తామని పత్రికవాళ్లు అంటే, కథ వెనక్కి లాక్కుంది. ఆరేళ్లు ఒక్క ముక్కా అచ్చు కాలేదు. ఏడో ఏట పేరుతో సహా వేశారు.

"ఆమెకు భయం కాలేదా అత్తా?"

"ఎందుకు కాలేదు? సెయ్యి వణుకుతానే రాసినానని నాకు సెప్పింది. వణికితే అచ్చరం వంకర పోతాది గానీ, పేరు మారదు గదమ్మే."

మరునాడు పొద్దున బడి గంటకు ముందే గోడ దగ్గరికి పోయి, అన్న పేరు కొట్టేసి నా పేరు రాశాను. వంకరగానే వచ్చింది. అయ్యవారు నా అరచేతి మీద రెండు అంటించి, నాయనకు కబురు పెట్టారు.

నాయన వచ్చి మా అన్నను గోడ ముందు నిలబెట్టాడు. "రేయ్, ఈ కథ నీదని సెప్పు."

"నాకు అంత పెద్ద అబద్ధం ఆడేకి రాదు నాయనా" అన్నాడు వాడు. పిల్లలంతా గొల్లుమన్నారు.

నాయన మొహం ఎర్రబడింది. పెన్ను నా చేతిలో పెట్టి, "నీ పేరు నువ్వే కొట్టెయ్" అన్నాడు.

"కథ సింపెయ్ నాయనా. పేరు మాత్రం నేను కొట్టను."

చింపేశాడు. చింపి, ఆ ముక్కలు జేబులో కుక్కుకుని, వెనక్కి చూడకుండా పోయాడు. నేను మళ్లీ రాశాను. ఈసారి మేకకు బొంబాయిలో పెళ్లి కూడా చేశాను. అయ్యవారు కింద నా పేరు చూసి, జిగురు తెప్పించి అంటించారు. అది గోడ మీదున్నన్ని రోజులూ మా నాయన ఆ రోడ్డు మానేసి చుట్టు తిరిగి మార్కెట్‌కు పోయాడు.

కథ అయ్యాక కింద పేరు రాసుకునేవాళ్లు ఉంటారు. నేను ఈనాటికీ ముందు పేరు రాస్తాను, తర్వాతే కథ. ఆడదాని పేరు చూసి ఆగిపోయేవాళ్లు అక్కడే ఆగిపోవచ్చు.