గఫూర్ మాస్టారి పల్లీల పొట్లం

పిల్లలు ఏ సందేహం అడిగినా గఫూర్ మాస్టారు జేబులోంచి పల్లీలు తీసి నోట్లో పోసుకుంటారు. జవాబు చెప్పగా మాత్రం మా కంచరపాలెం హైస్కూల్లో ఎవరూ విన్న పాపాన పోలేదు.

నేను లెక్కల మాస్టార్ని, మోహనకృష్ణని. నేను చెబుతాను, పిల్లలు రాసుకుంటారు, సందేహాలు వాటంతటవే చచ్చిపోతాయి. పక్కనే ఆయన సైన్సు క్లాసు ఓ సంత. పిల్లలు బల్లల కింద దూరి తీగలు కలుపుతుంటే, అయ్యగారు చివరి బెంచీలో కూర్చుని నములుతుంటారు. జీతమిచ్చి మరీ పల్లీలు తినిపించే ఉద్యోగం ఇంకెక్కడుంది?

"సార్, బల్బు ఎలగట్లేదు!"

గుప్పెడు పల్లీలు లోపలికి. ఎందుకంటావ్ అన్నట్టు కనుబొమలు పైకి.

"ఏటి సార్, మేం అడిగితే మీరు మమ్మల్నే అడుగుతారు!"

ఇంకో గుప్పెడు.

చివరికి హెడ్మిస్ట్రెస్ ఇంద్రజ గారికి ఓపిక నశించింది. "గఫూర్ గారూ, రుషికొండ సైన్సు ఫెయిర్లో మీ పిల్లల మోడల్ పనిచెయ్యకపోతే పదో తరగతి సైన్సు మోహనకృష్ణ గారికి ఇచ్చేస్తాను."

మాస్టారి ముఖం పాలిపోయింది. ఆ క్లాసంటే ఆయనకి ప్రాణం. నేను మర్యాదకి కాసేపు విచారించి, సైన్సు నోట్సు తయారు చెయ్యడం మొదలుపెట్టాను.

ఫెయిర్లో పదో తరగతి ఉజ్మా పోర్టు క్రేను మోడల్ పెట్టింది. మేకుకి రాగి తీగ చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతమై ఇనుము ఎత్తాలి. జడ్జీల ముందు స్విచ్చి నొక్కింది. క్రేను ఒక్క గుండుసూదిని కూడా ఎత్తలేదు.

"సార్, పాత తీగ తెగిపోతే పొద్దున్నే కొత్తది సుట్టినాను. ఏటైందో తెలీట్లేదు!" అంది, ఏడుపు గొంతుతో.

మాస్టారి చూపు తీగ కొసల మీద అతుక్కుపోయింది. "చెప్పెయ్యండి మాస్టారూ, మీ క్లాసు పోతుంది!" అన్నాను. నాకే జాలేసింది మరి. ఆయన పొట్లం మొత్తం నోట్లో వొంపేసుకున్నారు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉజ్మా కొసలు వేలితో తడిమింది. "కొత్త తీగ మీద పూత గీకనేదు! కరెంటెలా ఎల్తాది?" స్కార్ఫు పిన్ను తీసి గరగరా గీకి, మళ్ళీ నొక్కింది. గుండుసూదులు గుంపుగా లేచి మేకుని కరుచుకున్నాయి. ఇంద్రజ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

"మీకు ముందే తెలుసు కదా?" అని నిలదీశాను.

ఆయన నమిలి, మింగి, నీళ్ళు తాగారు. "సూడగానే తెలిసిపోనాది బావా. నోరు ఖాళీగా ఉంటే ఆగలేను, సెప్పేత్తాను. ఆ పిల్ల కనిపెట్టాల్సింది నాను లాగేసుకుంటానా? అందుకే ఇవి. నిజానికి నాకు పల్లీలు పడవు, ఒకటే గేసు."

మర్నాడు నా క్లాసులో శ్రీసత్య లేచింది. "సార్, ఈ లెక్క రాట్లేదు."

జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. గబుక్కున నోరు మూసుకుని, ఆ పిల్లనే పక్క క్లాసుకి పంపి పల్లీలు అడిగించాను.

పొట్లం వచ్చింది. దాంతోపాటు, అడక్కుండానే, కాస్త వాము కూడా పంపారు మాస్టారు.